తలుపు పడితేనే

పాత గాజువాకలో సన్యాసమ్మ కాటా దగ్గర
బోర్డులు కిలో లెక్కన.
ఆకుపచ్చవొక ధర, గోధుమరంగువి ఇంకో ధర,
పిన్నులు పచ్చగా మెరిస్తే మాత్రం ఆమె గొంతు మారుతుంది:
"బంగారం ఉన్నాదంట గదమ్మా వీటిల్లో,
యాసిడ్డోళ్ళు ముందే సెప్పుంచారు."

నాకు బంగారం వద్దంటే నమ్మదు.
నాకు కావలసింది ఇరవై కాళ్ళ నల్ల చిప్పు.
చేసిన కంపెనీయే చెయ్యడం మానేసింది.
లోపల ఏం రాస్తే అదే అయిపోయే రకం,
కాపలా ఉండమంటే ఉంటుంది, లెక్కపెట్టమంటే పెడుతుంది.
"అయితే మా ఇంటాయన కన్నా నయమే"
అంది సన్యాసమ్మ,
కాటా మీద వేలు తియ్యకుండానే.

కొత్తవి దొరకవా అంటే, దొరుకుతాయి.
పోయినేడు పది తెప్పించాను.
పదింటికీ ఒకే తేదీ, ఒకే తెల్లటి అక్షరం,
పెళ్ళిచూపులకి కూర్చున్నట్టు తళతళలాడుతూ.
గోళ్ళరంగు తుడిచే మందులో దూది ముంచి రుద్దితే
పేరు ఊడొచ్చింది.
దాని కింద ఇంకో పేరు.
దాని కింద గరుకు కాగితం గీతలు.
మూడు పనిచేశాయి. మిగతా ఏడూ
మా మేనకోడలు చీమలని వరసపెట్టి ఆడుకుంది.

కంచరపాలెంలో మూడో అంతస్తు నాది.
చిప్పులో రాసే పెట్టెకి పాత కంప్యూటరుంటేనే మాట పెగులుతుంది,
దానికి పాత మానిటరు, దానికి పాత ప్లగ్గు.
ఒక ముసలిదానికి ఇంకో ముసలిదే తోడు.
సముద్రపు గాలి ఊరికే పోదిక్కడ,
కాళ్ళ మీది తగరాన్ని నల్లబరిచి పోతుంది.
రబ్బరు పెట్టి ఒక్కో కాలూ తుడుస్తాను,
వెండి పట్టీలు తోమినట్టు.

ఈసారి దొరికిన బోర్డు నిండా గ్రీజు.
మూలన పెన్నుతో: లిఫ్టు రెండు.
"ఏదో ఆసుపత్రి పడగొట్టారమ్మా" అంది,
అంతకు మించి తెలీదంది.

చదవబోతే చదవనివ్వలేదు.
రాసినవాళ్ళు చివర్లో తాళం వేసి పోయారు.
ఆ తాళానికి చెవి ఉండదు,
మొత్తం చెరిపేస్తేనే ఊడుతుంది.

ఎందుకో ఆ రాత్రి చెరపబుద్ధి కాలేదు.
ఒకవైపు ఎనిమిది స్విచ్చులు, ఒకవైపు ఎర్ర దీపాలు.
వేయడం, చూడడం, నోటుబుక్కులో గళ్ళు నింపడం
రెండువందల యాభై ఆరు సార్లు.
(నూటపదకొండు దగ్గర నిద్రపోయాను. మళ్ళీ మొదట్నుంచి.)
మర్రిపాలెం షెడ్డులో ఇంజిను కూసే వేళకి
విషయం తేలింది.
ఐదో కాలు పైకి లేవకపోతే
మిగతా ఏడూ ఏం మొత్తుకున్నా
మోటారు దీపం వెలగదు.
ఐదోది తలుపయి ఉండాలి.
తలుపు పడితేనే కదులు.

ఒక్క గడి మాత్రం కొరుకుడు పడలేదు.
తలుపు పడి ఉండి,
ఎవరూ ఎక్కడా పిలవకపోతే,
రెండో అంతస్తుకి వెళ్ళమంటోంది.
పొరపాటేమో అని మూడుసార్లు చూశాను.
ఎవరో, ఏ కుర్చీలోనో కూర్చుని,
ఖాళీగా ఉన్నప్పుడు ఎక్కడ ఆగాలో కూడా ఆలోచించారు.
రెండోది పురుళ్ళ వార్డని అనుకున్నాను.
కాకపోవచ్చు. క్యాంటీనే కావచ్చు.

"యాభై రూపాయలకి దీని తాతని చేసే కొత్తది వస్తుంది గదా"
అంటాడు కింది వాటా జోసెఫ్‌రాజు.
వస్తుంది. కాదనలేదు.

చెరపడానికి రెప్పపాటు కూడా పట్టలేదు.
ఇప్పుడది మా మేడ మీది నీళ్ళ ట్యాంకు చూస్తోంది,
నిండితే ఆపడం, అడుగంటితే వెయ్యడం.
ఐదో కాలికి నాకేం పని లేదు నిజానికి.
తీగ లాగి ట్యాంకు మూతకి కట్టాను:
మూత పడితేనే మోటారు.

అంతా రాశాక, తాళం వెయ్యనా
అని అడిగింది పెట్టె.
వద్దన్నాను.